వెలుగులో పెట్టిన మందు

రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులో ఉన్న ఆ సంవత్సరం వానలు తగ్గుముఖం పడుతుండగా, అనంతగిరి ఘాటు రోడ్డుకు ఎగువన కాఫీతోటల నడుమ ఉన్న కొత్తగరువు మీదికి ప్రభుత్వం దండెత్తి వచ్చింది. దండు అంటే ఒక జీపు. అది కూడా కల్వర్టు దగ్గరే నిలిచిపోగా, ఇద్దరు ఎక్సైజు కానిస్టేబుళ్లు జలగలను తిట్టుకుంటూ కాలినడకన కొండెక్కారు. ఎగువ వీధిలోని జీలుగు కల్లు కుండలు వారి కంట పడలేదు. సర్కారువారి కంట పడకుండా మసలుకోవడమెలాగో ఆ కుండలకు తాతల నాడే తెలుసు. దొరికింది దిగువ వీధిలో, క్రైస్తవుల వాడలో, సంతోషమ్మ ఇంటి అటక కింద, గోనె మడతలో ఒదిగి ఉన్న ఒక గోధుమరంగు సీసా.

"ఇదేటమ్మా, ఇంత బందోబస్తుగా దాసినావు?" అన్నాడు పెద్ద కానిస్టేబులు.

"మందు బాబూ. దెబ్బలకి ఏసేది. ఊరి ఆరోగ్యం సూసుకోమని ఆస్పత్రోలు తరిఫీదు సేసి ఇచ్చినారు."

"దొరికినోలంతా మందనే అంతారు," అని రెండోవాడు నవ్వాడు.

పెద్ద కానిస్టేబులు మూత తీసి వాసన చూశాడు. వేలు ముంచి నాలుకకు తాకించుకుని ఉమ్మేశాడు. శాస్త్రీయ పరీక్ష అంతటితో ముగిసింది గాని తీర్పు తేలలేదు. అతని పిక్క మీద జలగ వదిలిన చోట నెత్తురు సన్నగా కారుతోంది. సంతోషమ్మ సీసా అందుకుని, దూది తడిపి అక్కడ అద్దింది. తెల్లని నురుగు బుసబుసమని పొంగింది. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు. రాజ్యాధికారం ఒక సీసా ముందు ఇంతగా తగ్గడం కొత్తగరువు చరిత్రలో అదే మొదలు.

సీసా మీద ఇంగ్లీషులో హైడ్రోజన్ పెరాక్సైడ్ అని ఉండేది. ఊరు దాన్ని పొంగు మందు అనేది. పొంగితే లోపల విషం ఉన్నట్టు, పొంగకపోతే లేనట్టు. ఈ సూత్రాన్ని ఏ వైద్యుడూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. ఎగువ వీధిలో ముహూర్తాలు పెట్టి మందులిచ్చే సోంబరు దిసరి, దెబ్బ తగిలినవాడి నెత్తుటి బొట్టును దొప్పెడు జీలుగు కల్లులో విడిచి, లేచిన నురుగును బట్టి విషం సంగతి తేల్చేవాడు. ఆయన గుమ్మం వదిలి ప్రభువు గుమ్మం చేరినవారు చాలా వదిలి వచ్చారు గాని, నురుగును చదివే చదువును మాత్రం వెంట తెచ్చుకున్నారు.

కానిస్టేబుళ్లు వెళ్లిన సాయంత్రమే సంఘపెద్ద జాకబ్ విచారణ జరిపాడు. ఆయన మిషను బడిలో ఉపాధ్యాయుడిగా చేసి దిగిపోయినవాడు. పాస్టరుగారు నెలకొకసారి కింది నుంచి వచ్చేదాకా ఆ కొండకు విశ్వాసపరమైన పాలన ఆయనదే. నల్లకోటు తొడుక్కుని సంతోషమ్మ అరుగు మీద కూర్చున్నాడు.

"సంతోషమ్మా, గోధుమరంగు సీసా ఒక క్రైస్తవ గృహంలో, అందునా గోనె మడతలో దొరికిందంటే, అది మనల్ని గురించి ఏమని సాక్ష్యం పలుకుతుంది?"

"డాక్టరుబాబు సీకట్లో పెట్టమన్నాడండి అయ్యగోరూ. సల్లగా ఉన్న కాడ. ఏరే సీసాలోకి మార్సొద్దన్నాడు."

"ఎందుకన్నాడు?"

సంతోషమ్మ ఆలోచించింది. తరిఫీదు గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటూ ఉండేది. వెనక వరసలో ఎవరిదో పసిపాప ఏడుపు. డాక్టరుబాబు గడియారం చూసుకుంటూ మాట్లాడాడు.

"పిల్లలకి అందకుండా గావాల," అంది చివరికి.

"అందకుండా ఎత్తున పెట్టవచ్చు. దాచిపెట్టనక్కరలేదు. మన ఇంట ఉన్నది మంచిదే అయినప్పుడు నలుగురూ చూసేటట్టు వెలుగులో పెట్టాలి."

ఆయన ఆ మాట అన్న తీరుకు అక్కడున్నవారంతా తలలూపారు. సంతోషమ్మ కూడా ఊపింది. ప్రభురాత్రి భోజనానికి ద్రాక్షరసం పోసే తెల్లగాజు సీసా ఒకటి మూతి పెచ్చు లేచి గుడిలో విశ్రాంతి తీసుకుంటోంది. దానిని ఈ సేవకు పిలిపించారు. సంతోషమ్మ దానిని పొయ్యిబూడిదతో లోపలా బయటా బాగా తోమి, ఊట నీటితో కడిగి, మందును అందులోకి ఒంపింది. ఎవరూ తాగే ద్రవ్యమని పొరబడకుండా మెడకు ఎర్రదారం కట్టింది. ఖాళీ గోధుమరంగు సీసాను జాకబ్ స్వహస్తాలతో తీసుకుని, ఇంగ్లీషు అక్షరాలతో సహా రాతికి కొట్టి, ఆ పెంకులను పిల్లల కాళ్లకు గుచ్చుకోకుండా గుడి వెనక గోతిలో పూడ్పించాడు. ఆయన జాగ్రత్త లేని మనిషి కాడు.

తెల్లసీసాకు తూర్పు కిటికీలో పట్టాభిషేకం జరిగింది. కొండ మీద పొద్దుపొడవగానే మొదటి కిరణం వచ్చి దానికే మొక్కేది. వీధిలో పోయేవారు ఆగి చూసేవారు. గాజు లోపలి గోడల నుంచి సన్నని బుడగలు మాలలు కట్టి పైకి లేచేవి. "ఊపిరి తీస్తంది," అనుకునేవారు. మధ్యాహ్నపు వేళల్లో బిరడా టప్పున ఎగిరి గచ్చు మీద పడేది. సంతోషమ్మ నవ్వుకుంటూ తీసి మళ్లీ పెట్టేది. ఏదైనా ఊపిరి తీస్తూ ఉంటే అది బతికి ఉన్నట్టేనని ఆమె నమ్మకం. ఊపిరి విడవడమే తప్ప తీసుకోవడం ఎరగని ప్రాణి ఒకటి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొన్ని వారాలకు పొంగు తగ్గుతూ వచ్చింది. కత్తి గాట్లకు, గొడ్డలి దెబ్బలకు ఇదివరకులా బుసకొట్టడం మాని, పాల మీగడలా పలచగా లేచి ఊరుకునేది. ఈ పరిణామం జాకబ్ దృష్టిని దాటిపోలేదు. ఒక ఆదివారం ప్రసంగంలో ఆయన, సంఘస్థుల నెత్తురులో విషం నానాటికీ తరిగిపోతున్నదని, అది మద్యనిషేధానికీ ప్రార్థనకూ కలిసి దక్కిన ఫలమని గణించి చెప్పాడు. సంఘం ఆమెన్ అన్నది. ముందు వరసలో కూర్చున్న సంతోషమ్మకు ఆ పుణ్యంలో తన వాటా కూడా ఉందనిపించి కొంగు సర్దుకుంది.

డిసెంబరులో కాఫీపళ్ల కోత చివరికొచ్చింది. ఒక మధ్యాహ్నం పక్కింటి కనక, నడుముకు కోతబుట్ట అలాగే వేలాడుతుండగా, ఎనిమిదేళ్ల కూతురు బేబిని చంకనెత్తుకుని పరుగున వచ్చింది.

"ఒదినా, బేగి సూడు. పశువుల దారిలో ఎదురు మొడ్డు దిగిపోనాది గుంటకి."

సంతోషమ్మ పిల్లను అరుగు మీద కూర్చోబెట్టి పాదం ఒళ్లోకి తీసుకుంది. అరికాలి నడుమ వెదురు మొడ్డు దిగిన చిన్న నల్లని బెజ్జం. పేడ, మట్టి అంటుకుని ఉన్నాయి. నెత్తురు పెద్దగా లేదు. సబ్బునీటితో కడిగింది. పిల్ల ఏడవడం మానేసి కిటికీ వంక చూస్తోంది.

"పొంగు మందు ఏస్తావా అత్తా?"

"ఏస్తాను. కాలు కదపకు."

"మంట పెడతాదా?"

"సక్కిలిగిలి పెడతాది. అంతే."

బేబి మోకాలు పట్టుకుని ముందుకు వంగింది. సంతోషమ్మ బిరడా తీసి బెజ్జం మీద ధారగా పోసింది. మందు పాదం మీది నుంచి జారి, మడమ చివర బొట్టుగా వేలాడి, గచ్చు మీద పడింది. మళ్లీ పోసింది. ఒక్క బుడగ లేవలేదు.

"నాకు పొంగనేదేటి?" పిల్ల మొహం వాడిపోయింది. "రవిబాబుకి పొంగింది గదా. అందరూ సూసినారు."

"ఆడికి ఇసం ఉన్నాది, పొంగింది. నీ కాడ నేదు. నువ్వు మంచి గుంటవి."

"ఇంకోపాలి పొయ్యి."

"సీసా మీ తాతదేటే?" అని సంతోషమ్మ నవ్వి, బెజ్జం మీద దూది పెట్టి గుడ్డ కట్టింది.

కనక బుట్టతాడు వదులు చేసుకుంటూ అడిగింది. "సూదికి దింపమంటావా ఒదినా? రేపు ఎగువ మడిలో ఆఖరి కోత. దింపాలంటే దింపేస్తాను. కోత పోతే పోనాది."

మొడ్డు గుచ్చుకున్నా, ఇనుము గుచ్చుకున్నా సూదికి కింది ఆస్పత్రికి పంపాలని తరిఫీదులో చెప్పిన మాట సంతోషమ్మకు గుర్తుంది. ఇంతవరకూ ఎవరినీ పంపకుండా ఉండలేదు కూడా. ఆమె తడి గచ్చు వంక చూసింది.

"పొంగితే దింపమందును. పొంగనేదు గదా."

కనక నవ్వింది. ఆ నవ్వులో దాపరికం ఏమీ లేదు. పెద్దబరువు దించుకున్న మనిషి మెడ తిప్పుకున్నంత హాయిగా నవ్వింది. పిల్లను వీపున వేసుకుని, "పద, మంచి గుంటా," అంటూ వెళ్లింది. బేబి మాత్రం తల్లి భుజం మీద నుంచి వెనక్కి తిరిగి, తనను చిన్నబుచ్చిన ఆ సీసాను కనబడినంత దూరం చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం కనక ఎగువ వీధికి వెళ్లి సోంబరు దగ్గర ఆకు పసరు తెచ్చి, సంతోషమ్మ కట్టిన గుడ్డ కిందే పెట్టి మళ్లీ కట్టింది. తల్లులు ఒక దేవుడితో తృప్తిపడరు. ఆ సంగతి ప్రభువుకు తెలియకుండా, ముఖ్యంగా జాకబ్‌కు తెలియకుండా జాగ్రత్తపడింది.

మరుసటి వారం ఒక ఉదయం బేబి రాగిపిండితో కాచిన సోడి అంబలి తాగనంది. కనక గిన్నె పట్టుకుని బతిమాలింది, కసిరింది. పిల్ల పళ్ల మధ్య నుంచి, "నోరు తెరవ రాన్నేదమ్మా," అంది. పళ్లు బిగబట్టి ఆటలాడుతోందనుకుని కనక వీపు మీద ఒక్కటి వేసింది. సరిగ్గా అప్పుడే గుడిలో కుర్రకారు క్రిస్మస్ కీర్తనలకు డప్పు సాధన మొదలుపెట్టారు. మొదటి దెబ్బకే పిల్ల ఒళ్లు విల్లులా వెనక్కి వంగింది.

సంతోషమ్మ వచ్చి చూసి, వీధిలోకి పరుగెత్తి, డప్పు ఆపమని అరిచింది. పిల్ల తండ్రి మంగ్లు, అతని తమ్ముడు కలిసి దుప్పటిని వెదురుగడకు కట్టి డోలీ చేశారు. దారి పొడవునా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కాకి అరిచినా డోలీ అదిరేది. కనక పక్కన నడుస్తూ దుప్పటి అంచు పట్టుకునే ఉంది.

"నీలు," అంటోంది పిల్ల పళ్ల సందు నుంచి.

కనక గుడ్డ తడిపి పెదవులకు అద్దేది. నీరు గడ్డం మీదికి కారిపోయేది. "నీలు అమ్మా," అని మళ్లీ. రోడ్డు దాకా అదే మాట. జీపు దొరికి, కింది ఆస్పత్రికి చేరేసరికి ఆ మాట కూడా లేదు.

అక్కడి డాక్టరు కట్టు విప్పి, కమిలిన ఆకుముద్దను పట్టకారుతో ఎత్తి అందరికీ చూపించాడు. "ఈ చెత్త కట్టి చంపుకుంటారు పిల్లల్ని," అన్నాడు. ఆయన అన్నదాంట్లో కోపం ఉంది, అలసట ఉంది. అబద్ధం చెబుతున్నానన్న ఎరుక లేదు. ఆ రాత్రి గడవకముందే బేబి పోయింది. కనక చెవుల్లో మాత్రం ఆ వాక్యం బతికి కొండెక్కి వచ్చింది.

ఆకు సంగతి ఊరికి ముందు చేరింది, శవం తరవాత. జాకబ్ కోటు తొడుక్కుని గుడిమెట్టు మీద నిలబడ్డాడు. రెండు గుమ్మాలు తొక్కినవారికి సంఘపు సమాధుల స్థలంలో చోటు ఇస్తే, రేపు మిగిలినవారికి ఏమి చెప్పగలమని అడిగాడు. ఆయన కంఠం వణికింది. బేబికి అక్షరాలు దిద్దించింది ఆయనే. కాని సిద్ధాంతానికి కంఠం ఉండదు గనుక అది వణకలేదు. గంట మోగలేదు. మంగ్లు కాఫీతోట అంచున, సిల్వర్ ఓకు చెట్ల కింద గొయ్యి తవ్వాడు.

కనక ఎదురాడలేదు. పెరట్లో అదే ఆకుమొక్క ఒకటి ఉంటే వేళ్లతో సహా పీకి, పీకిన గుంటను కాలితో తొక్కి చదును చేసింది. ఎవరైనా పలకరిస్తే, "నానే కట్టినాను. నా సేతుల్తోనే కట్టినాను," అనేది. ఓదార్చడానికి వచ్చినవారు ఇంకేమి అనాలో తోచక లేచిపోయేవారు. సంతోషమ్మ కూడా ఆ మాట విని తల దించుకుంది. ఎంత దుఃఖంలోనూ, తప్పు ఆకుదేనన్న మాట తన గుండెలో ఒక మూలను చల్లబరుస్తూ ఉండడం ఆమె గమనించకపోలేదు.

క్రిస్మస్‌కు మూడు దినాల ముందు ఉపకేంద్రం నర్సు గంగాభవాని కొండెక్కింది. పిల్ల చావు గురించి రాసుకోవలసింది రాసుకుని, సంచిలోంచి కొత్త గోధుమరంగు సీసా తీసి అరుగు మీద పెట్టింది.

"పాతది ఖాళీ అయిపోయిందా సంతోషమ్మా?"

"ఇంకా ఉన్నాదమ్మా. అదిగో." సంతోషమ్మ కిటికీ చూపించింది. ఎర్రదారం, తెల్లగాజు, వెనక నుంచి పొద్దు. చూడముచ్చటగా ఉంది.

గంగాభవాని సంచి పక్కన పెట్టింది. లేచి వెళ్లి సీసాను వెలుతురుకెత్తి, కొంచెం అరచేతిలో ఒంపుకుని చూసింది.

"ఎవరు పోయమన్నారు దీన్లో?"

"అందరికీ కనపడాలని."

"వెలుగు తగిలితే విరిగిపోతుందమ్మా ఇది. వేడి తగిలినా, మురికి సీసాలో పోసినా అంతే. అందుకే ఆ రంగు సీసాలో ఇస్తారు. బూడిదతో తోమావా? అదైతే ఇంకా త్వరగా పోతుంది. దీన్లో ఉన్న గాలంతా పోయింది. ఇప్పుడున్నవి నీళ్లు."

"ఊపిరి తీసీదమ్మా," అంది సంతోషమ్మ నెమ్మదిగా. "బిరడా ఎగిరీది."

"అదే పోవడం."

"మరి పొంగకపోతే ఇసం లేనట్టు గదా?"

గంగాభవాని కూర్చుంది. "పొంగుకీ విషానికీ సంబంధం లేదు. నెత్తురు తగిలితే పొంగుతుంది. మంచి గాయమైనా అంతే, చెడ్డదైనా అంతే. లోతుగా దిగిన దాన్ని ఇది బాగుచెయ్యదు కూడా. పొంగినా పొంగకపోయినా ధనుర్వాతం సూది వెయ్యించాల్సిందే." గొంతు తగ్గించి అడిగింది. "ఆ పిల్లకి ఇదే పోశావా?"

సంతోషమ్మ కొత్త సీసా మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. నర్సమ్మ ఆ ప్రశ్నను రెండోసారి అడగలేదు.

జాకబ్ గుడి వెనక వెదురుబద్దలతో క్రిస్మస్ నక్షత్రం కడుతున్నాడు. సంతోషమ్మ రెండు సీసాలూ తెచ్చి ఆయన ముందు పెట్టి, నర్సమ్మ చెప్పినదంతా చెప్పింది. ఆయన నమ్మలేదు. ఆయన బొటనవేలికి వెదురుబద్ద గీరుకుని నెత్తురు చిమ్మి ఉంది. ఆమె అడగకుండానే దాని మీద తెల్లసీసా లోనిది పోసింది. ఏమీ కాలేదు. గోధుమరంగు సీసా లోనిది పోసింది. వేలంతా తెల్లబడి బుసబుసమన్నది. ఆయన ఆ వేలిని తనది కానట్టు చూశాడు.

"కనక ఆకే సంపిందనుకుంటంది అయ్యగోరూ."

"ఆకు కట్టడం తప్పు కాదంటావా?"

"తప్పేమో. గుంటని సంపింది మట్టుకు అది కాదు. పొంగుంటే దింపుదుం. నానే వద్దన్నాను."

నక్షత్రానికి అంటించవలసిన మైదాజిగురు ఆయన వేళ్ల మీద ఆరిపోతోంది. "ఇది బయటపెడితే రేపు నీ గుమ్మం ఎవరు తొక్కుతారు? సంఘమంతా సోంబరు దొప్ప దగ్గరికి పోతుంది. ఒక బిడ్డ పోయింది. ఇంకా పోతారు. ఆలోచించుకో." అని, కాసేపటికి చాలా చిన్నగా, "పండగ దాటనీ," అన్నాడు. పగిలిన సీసా పెంకులు పూడ్చిన చోటు అక్కడికి దగ్గరే. ఆయన ఆ వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి మెడ ఎంత బిగబట్టాలో అంతా బిగబట్టాడు.

ఆయన వాదంలో తప్పు పట్టగలిగిన చదువు సంతోషమ్మకు లేదు. దారిలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నిజంగానే ఎవరూ రాకపోవచ్చు. ఆమె తన ఇంటి గుమ్మం దాకా వెళ్లి, లోపలికి పోకుండా పక్కింటికి నడిచింది.

కనక కళ్లంలో ఎండబోసిన కాఫీపళ్లను చేత్తో తిరగదోస్తోంది. ఎండినవి నల్లబడి గలగలమంటున్నాయి. సంతోషమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. చెప్పవలసిన మాట దారిలో కూర్చుకున్నది కూర్చుకున్నట్టు రాలేదు.

"సెయ్యి ఇలా తే కనకా."

కోతల్లో కనక వేళ్లు చిట్లి ఉన్నాయి. చూపుడువేలు చీలికలో నెత్తురు తడి. సంతోషమ్మ తెల్లసీసా ఒంపింది. నీరు జారిపోయింది. గోధుమరంగు సీసా ఒంపింది. నురుగు పొంగింది.

కనక వేలు కదపకుండా, నురుగు అణిగేదాకా చూసింది. "ఏటిది?"

"ఇది మందు. కిటికీలోది ఎండకి ఇరిగిపోనాది. నాకు తెలీలేదు. ఆ రోజు గుంటకి పోసింది మందు కాదు. పొంగనేదని నాను సూది వద్దన్నాను. నీ ఆకు కాదు కనకా. నీ ఆకు ఏటీ సెయ్యలేదు."

కనక చాలాసేపు కాఫీపళ్లను తిరగదోసింది. తిరగేసినవే మళ్లీ తిరగేసింది.

"ఆ రోజు పొంగనేదని నాను నవ్వినాను," అంది.

"నవ్వినావు."

"పొంగుంటే అప్పుడే దిగిపోదును. కోతా ఒద్దు, గీతా ఒద్దని." వేలు కొంగుకు తుడుచుకుంది. "మరి నువ్వు పోసిందేటి?"

"నీలు."

కనక తెల్లసీసాను రెండు చేతులతో ఎత్తి చూసింది. దానిలో ఇంకా సగానికి పైగా ఉంది.

"నీలే?" అంది. "గుంట ఆకర్న అడిగింది నీలే గదా ఒదినా."

కనక ఏడవలేదు. తిట్టలేదు. లేచి లోపలికి వెళ్లింది. సంతోషమ్మ, తలుపు వేసుకుంటుందనుకుని, పోవడానికి లేచింది. కనక తిరిగి వచ్చింది. చేతిలో బేబి ఎర్ర స్వెట్టరు. కూర్చుని, గోధుమరంగు సీసా మూత గట్టిగా బిగించి, దానిని స్వెట్టరులో నిలువునా పెట్టి, పసిపిల్లకు చుట్టినట్టు చుట్టి, స్వెట్టరు చేతులు రెంటినీ ముందుకు తెచ్చి ముడివేసింది.

"ఎండ తగలనీకు," అని సంతోషమ్మ చేతికిచ్చింది.